మెరీన్ డ్రైవ్ పాత భవనాల్లో ఫ్లాట్ తీసుకోవడం ఎలా, అందులో కాపురం చేయడం ఎలా

ముంబయిలో చర్చిగేట్ స్టేషన్ దిగితే ఒకవైపు సముద్రం, ఇంకోవైపు ఓవల్ మైదానం నడక దూరంలో ఉంటాయి. ఈ రెండింటి అంచునా వరుసగా నిలిచిన ఐదారంతస్తుల నివాస భవనాల్లో చాలా భాగం 1930లు, 40లలో, బ్యాక్‌బే సముద్రాన్ని పూడ్చి తయారు చేసిన నేల మీద కట్టినవి. మూలల్లో గుండ్రంగా తిరిగే బాల్కనీలు, కిటికీల పైన పొడుగునా సాగే సన్నటి సజ్జాలు, ఓడల్లో కనిపించే తరహా గుండ్రటి చిన్న కిటికీలు, గేటు మీద పొడుగాటి అక్షరాల్లో భవనం పేరు, లోపల ఇనుప జాలీ తలుపుల లిఫ్టు, నున్నటి మొజాయిక్ నేల, ఇప్పటి ఫ్లాట్లలో కనిపించనంత ఎత్తయిన కప్పులు వీటి గుర్తులు. ఓవల్‌కు తూర్పున ఉన్న హైకోర్టు, రాజాబాయి టవర్ వంటి విక్టోరియన్ గోథిక్ కట్టడాలతోపాటు పడమటి వైపు ఉన్న, ఆర్ట్ డెకో అనే ఈ వంపుల, గీతల శైలి ఇళ్ళను కూడా యునెస్కో 2018లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బ్యాంకు బదిలీ మీదనో, కంపెనీ పని మీదనో ముంబయి చేరిన తెలుగు కుటుంబానికి ఇక్కడ ఇల్లు దొరికే అవకాశం వస్తే మనసు లాగడం సహజం.

అయితే ఇక్కడ ఇల్లు వెతికేవారిలో ఎక్కువమంది ముందు బాల్కనీలోంచి కనిపించే దృశ్యం చూస్తారు, తర్వాత అద్దె అడుగుతారు, అడ్వాన్సు ఇచ్చేశాక కాగితాలు చూస్తారు. ఈ వరుసను పూర్తిగా తిరగేయాలి. ఇల్లు చూపిస్తున్న మనిషికి దాని మీద ఉన్న హక్కు ఏ రకమైనది, ఆ భవనానికి మరమ్మతు చేయించే బాధ్యత ఎవరిది అనే రెండు ప్రశ్నలకు జవాబు దొరికాకే మిగతా విషయాల జోలికి వెళ్ళాలి.

మొదట హక్కు సంగతి

పక్కపక్క భవనాల్లోనే కాదు, ఒకే భవనంలోని రెండు అంతస్తుల్లో కూడా నివాస హక్కులు వేరువేరుగా ఉండటం దక్షిణ ముంబయి ప్రత్యేకత. కొన్ని భవనాలు సహకార గృహ సొసైటీలుగా మారాయి. అక్కడ ఫ్లాటుదారు సొసైటీలో సభ్యుడు, ఆయన చేతిలో షేర్ సర్టిఫికెట్ ఉంటుంది. మరికొన్ని భవనాలు నేటికీ ఒకే కుటుంబం లేదా ట్రస్టు సొత్తు. వాటిలో ఉంటున్నవారు తరాల కింద పగ్డీ చెల్లించి చేరిన అద్దెదారులు. వీరి దగ్గర షేర్ సర్టిఫికెట్ ఉండదు, యజమాని ఇచ్చే అద్దె రసీదు మాత్రమే ఉంటుంది.

పగ్డీ అంటే చేరేటప్పుడు యజమానికి పెద్ద మొత్తం ఒకేసారి ముట్టజెప్పి, ఆ తర్వాత నామమాత్రపు అద్దె కడుతూ వంశపారంపర్యంగా ఉండిపోయే పద్ధతి. ఇది పుట్టడానికి కారణం అద్దె నియంత్రణ చట్టమే. 1947 నాటి బొంబాయి చట్టం అద్దెలను 1940 సెప్టెంబరు 1 నాటి స్థాయికి కట్టేసింది. పైకి అద్దె పెంచుకునే దారి మూసుకుపోవడంతో యజమానులు ఆ లోటును పగ్డీ రూపంలో పూడ్చుకున్నారు. మొదట్లో అది చట్టవిరుద్ధమైన లావాదేవీ. 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం, 2000 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చి, పగ్డీ పుచ్చుకోవడాన్ని చట్టబద్ధం చేసింది, అద్దెను ఏటా 4 శాతం పెంచుకునే వీలు కల్పించింది. కొన్ని వందల రూపాయల అద్దె మీద 4 శాతం ఎంతో లెక్క వేసుకుంటే, ఆ భవనాలకు సున్నం కొట్టించడానికి కూడా యజమానులు ఎందుకు ముందుకు రారో అర్థమవుతుంది.

కొత్తగా వచ్చేవారికి దీనితో రెండు చోట్ల ప్రమేయం ఏర్పడుతుంది. మొదటిది, తక్కువ ధరకు ఫ్లాటు అమ్మకానికి ఉందని బ్రోకరు చెప్పినప్పుడు అది నిజంగా అమ్మకమా, పగ్డీ బదిలీయా అని సూటిగా అడగాలి. పగ్డీ బదిలీలో కొనేవారికి దక్కేది అద్దెదారు హక్కే తప్ప యాజమాన్యం కాదు. బదిలీకి యజమాని సమ్మతి తప్పనిసరి, అందుకు ఆయన తీసుకునే వాటా సాధారణంగా మొత్తంలో మూడో వంతు దాకా ఉంటుంది, గృహరుణం ఇవ్వడానికి బ్యాంకులు మామూలుగా ఒప్పుకోవు. రెండోది మరీ ముఖ్యం. మీకు అద్దెకిస్తున్న మనిషే పగ్డీదారు అయితే, భవన యజమాని అనుమతి లేకుండా ఇంకొకరిని పెట్టడం ఆయన్ను ఖాళీ చేయించడానికి కారణమవుతుంది, ఆయనతోపాటు మీరూ వీధిన పడతారు. అందుకే షేర్ సర్టిఫికెట్టు, ఇటీవలి సొసైటీ మెయింటెనెన్స్ బిల్లు, బెస్ట్ సంస్థ కరెంటు బిల్లు మూడింటిలోనూ ఒకే పేరు ఉందో లేదో చూడకుండా పైసా కూడా ఇవ్వకూడదు. ఆ పేరు గల వ్యక్తి కాలం చేసి ఉంటే వారసుల పేరిట సొసైటీ బదిలీ జరిగిందో లేదో అడగాలి. మూడు తరాలుగా చేతులు మారిన ఇళ్ళలో ఒక వారసుడు అద్దెకిచ్చి, మరో వారసుడు తగువుకు రావడం ఇక్కడ వింతేమీ కాదు.

కొనదలచినవారికి ఇంకో మెట్టు ఉంది. పూడ్చిన నేల మీది స్థలాల్లో చాలావాటిని ప్రభుత్వం దీర్ఘకాలిక లీజుకిచ్చింది. కాబట్టి ఆ స్థలం లీజుదా, స్వంతమా, లీజయితే ఇంకా ఎన్నేళ్ళు మిగిలింది, బదిలీకి కలెక్టరు అనుమతి కావాలా అన్నది ప్రాపర్టీ కార్డు (స్థలం ఎవరిదో చూపే ప్రభుత్వ రికార్డు), లీజు పత్రం చేతబట్టి స్థానిక వకీలుతో చూపించుకోవాలి. సొసైటీ పుచ్చుకునే బదిలీ ప్రీమియానికి 25,000 రూపాయలే గరిష్ఠ పరిమితి. అంతకు మించి 'విరాళం' అడిగితే అది స్వచ్ఛందమన్న మాటను గుర్తుచేయవచ్చు. ఈ ఇళ్ళ విస్తీర్ణం చెప్పేటప్పుడు ఒకరు గోడల లోపలి నేలను మాత్రమే లెక్కించే కార్పెట్ ఏరియా అంటారు, ఇంకొకరు గోడలను కూడా కలిపే బిల్టప్ అంటారు. ఈ గోడల మందం దృష్ట్యా ఆ రెండింటికీ తేడా ఎక్కువే, టేపు పట్టి గదుల లోపలి కొలత తీసుకోవడమే మేలు.

లీవ్ అండ్ లైసెన్స్ ఒప్పందం

అద్దెకు చేరేవారికి ముంబయిలో వాడుకలో ఉన్నది లీవ్ అండ్ లైసెన్స్ పద్ధతి, అంటే నిర్ణీత గడువు దాకా ఇంట్లో ఉండటానికి యజమాని ఇచ్చే అనుమతి మాత్రమే. హైదరాబాదులో స్టాంపు పేపరు మీద 11 నెలల ఒప్పందం రాసుకుని బీరువాలో పెట్టుకునే అలవాటు ఇక్కడ కుదరదు. 11 నెలలదైనా సరే, ఒప్పందాన్ని రాతపూర్వకంగా చేసి రిజిస్టరు చేయించాలని 1999 చట్టంలోని 55వ సెక్షన్ చెబుతుంది. ఆ బాధ్యత యజమానిది. ఒప్పందం రిజిస్టరు కాకపోతే, వివాదం వచ్చినప్పుడు షరతుల విషయంలో అద్దెకున్నవారి మాటే చెల్లుతుంది, వేరే రుజువు దొరికేదాకా. గడువు 60 నెలలకు మించకూడదు. స్టాంపు సుంకం మొత్తం అద్దె మీద 0.25 శాతం. తిరిగి ఇచ్చే డిపాజిట్టు మీద ఏడాదికి 10 శాతం చొప్పున వడ్డీ లెక్కగట్టి దాన్ని కూడా ఆ మొత్తంలో కలుపుతారు. రిజిస్ట్రేషన్ రుసుము నగరంలో 1,000 రూపాయలు. ఇదంతా ఆన్‌లైన్‌లో, వేలిముద్రలతో ఇంటి దగ్గరే పూర్తి చేసే ఏజెంట్లు ఉన్నారు. ఆ ఖర్చు ఎవరు భరించాలన్నది బేరంలోనే తేల్చుకోవాలి, సగం సగం అన్నది మామూలు.

గడువు ముగిశాక ఖాళీ చేయకపోతే రెట్టింపు అద్దె చొప్పున నష్టపరిహారం కట్టాల్సి వస్తుందని మరిచిపోకూడదు. పిల్లల పరీక్షల కోసం నెల రోజులు ఎక్కువ ఉండాలనుకుంటే ఫోనులో మాట తీసుకోవడం చాలదు, కొత్త ఒప్పందం రాయించుకోవాలి. అద్దె నెలకు 50,000 రూపాయలు దాటితే, ఈ ప్రాంతంలో దాటకపోవడమే అరుదు, అద్దె కట్టేవారే అందులోంచి 2 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) మినహాయించి ప్రభుత్వానికి జమ చేయాలి. యజమాని విదేశాల్లో స్థిరపడినవారైతే లెక్క పూర్తిగా వేరు, రేటు చాలా ఎక్కువ. అలాంటి యజమానులు ఈ వీధుల్లో కొల్లలుగా ఉన్నారు కనుక ఈ ప్రశ్న ముందే అడిగి ఆడిటరుతో మాట్లాడుకోవాలి. ఫ్లాటు అద్దెకిచ్చినందుకు దాని యజమాని నుంచి సొసైటీ వసూలు చేసే నాన్ ఆక్యుపెన్సీ చార్జీలు సేవా రుసుముల్లో 10 శాతానికి మించకూడదు. వాటిని మీ నెత్తిన వేయకుండా ఒప్పందంలో ఒక వాక్యం రాయించుకోండి. అద్దెదారుల వివరాలు పోలీసు స్టేషనుకు తెలియజేయడం కూడా తప్పనిసరే. యజమాని చేస్తానన్నా, ఆ రసీదు నకలు మీ దగ్గర ఉండాలి.

భవనం ఆరోగ్యం చూడటం

ఈ ఇళ్ళు మన దేశంలో ఆర్‌సీసీతో, అంటే లోపల ఇనుప చువ్వలున్న కాంక్రీటుతో కట్టిన తొలి తరం నివాస భవనాల్లోవి. ఉప్పుగాలి ఏళ్ళ తరబడి కాంక్రీటులోకి ఇంకి లోపలి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. తుప్పు అసలు ఇనుముకంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి అది కాంక్రీటును లోపలి నుంచి నెట్టి పెచ్చులూడేలా చేస్తుంది. ఇల్లు చూడటానికి పట్టపగలు వెళ్ళి, ముందుగా బాల్కనీలో నిలబడి పై అంతస్తు బాల్కనీ అడుగు భాగాన్ని చూడాలి. ఇనుప చువ్వ ఉన్న వరుస వెంబడి గోధుమరంగు మరక తిన్నగా గీత గీసినట్టు కనబడితే లోపల తుప్పు మొదలైందని అర్థం. ఆ గీత వెంట చీలిక కూడా ఉంటే పెచ్చు ఊడటానికి సిద్ధంగా ఉన్నట్టే. కొత్తగా రంగు వేసిన చోట మరక కనిపించదు కనుక చీపురుకట్ట వెనుక భాగంతో అక్కడక్కడా తట్టి చూడాలి. గట్టి కాంక్రీటు టక్కుమని బదులిస్తుంది, పట్టు వదిలిన చోట బోలు శబ్దం వస్తుంది. వంటింటి కప్పు, స్నానాల గది కప్పు, లిఫ్టు పక్క మెట్ల దారిలోని దూలాలు కూడా ఇలాగే చూడాలి. ఇల్లు చూపించేవారు నవ్వుతారు, నవ్వనివ్వండి.

తర్వాత సొసైటీ సెక్రటరీ దగ్గరకు వెళ్ళి స్ట్రక్చరల్ ఆడిట్ (ఇంజనీరు జరిపే భవన పటుత్వ పరీక్ష) నివేదిక అడగాలి. 30 ఏళ్ళు దాటిన భవనాలకు ఇది చట్టరీత్యా తప్పనిసరి. ఇంజనీరు భవనాన్ని ఏ వర్గంలో వేశాడన్నది ముఖ్యం. సీ-1 అంటే ఖాళీ చేసి కూల్చవలసినది, సీ-2ఏ అంటే కొంత భాగం కూల్చి పెద్ద మరమ్మతు చేయవలసినది, సీ-2బీ అంటే ఖాళీ చేయకుండానే మరమ్మతు చేయదగినది, సీ-3 అంటే చిల్లర మరమ్మతులు. సీ-2బీ వచ్చిందంటే భయపడనక్కర్లేదు, ఈ వయసు భవనానికి అది సహజమే. అయితే వెదురు కర్రల పరంజా కట్టి, కిటికీలకు పచ్చటి వల వేసి మరమ్మతు నెలల తరబడి సాగవచ్చు, ఆ కాలమంతా మీరు అద్దె కట్టింది సముద్రం కోసం కాదు, ఆ వల కోసమే అవుతుంది. పని ఎప్పుడు మొదలవుతుందో అడగండి, అద్దెలో తగ్గింపు రాయించుకోండి.

యజమాని ఒకరు, అద్దెదారులు అనేకులు అయిన పాత భవనాలు సాధారణంగా సెస్ (మరమ్మతుల కోసం వసూలు చేసే పన్ను) పరిధిలో ఉంటాయి. వాటి మరమ్మతు బాధ్యత రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడాకు చెందిన మరమ్మతుల బోర్డుది. 1940 సెప్టెంబరుకు ముందు కట్టినవి 'ఏ' వర్గం, 1950 చివరిదాకా కట్టినవి 'బీ' వర్గం, 1969 సెప్టెంబరు దాకా కట్టినవి 'సీ' వర్గం. బోర్డు ఏటా వానాకాలానికి ముందు సర్వే జరిపి అతి ప్రమాదకర భవనాల జాబితా ప్రకటిస్తుంది. సంతకం పెట్టేలోగా ఆ జాబితా ఒకసారి చూసుకోవడానికి పట్టే సమయం పది నిమిషాలు.

ఇంటి లోపల చూడవలసింది కరెంటు. ఈ ఇళ్ళు కట్టిన రోజుల్లో ఫ్యాన్లు, దీపాలే కరెంటు వాడకం. ఆ తీగలకే ఎవరెవరో అతుకులు వేసి ఏసీలు, గీజర్లు తగిలించి ఉంటారు. మీటరుకు మంజూరైన లోడు ఎంత, ఎర్తింగు ఉందా, లీకేజీ వస్తే కరెంటు ఆపే బ్రేకరు ఉందా అన్నది నమ్మకమైన ఎలక్ట్రీషియనుతో చూపించి, లోటు ఉంటే చేరకముందే యజమానితో సరిచేయించుకోవాలి. చేరాక అడిగితే ఆ పని జరగదు.

గోడకు మేకు కొట్టే ముందు

ముంబయిలో వారసత్వ కట్టడాల నియమాలు 1995 నుంచి అమల్లో ఉన్నాయి, మెరీన్ డ్రైవ్ ఆ నియమాల కిందికి వచ్చే ప్రాంతం. భవనం బయటి రూపాన్ని మార్చే పనికి మున్సిపల్ కార్పొరేషను అనుమతితోపాటు వారసత్వ పరిరక్షణ సంఘం పరిశీలన కూడా అవసరమవుతుంది. ఆచరణలో దీని అర్థం: బాల్కనీని అద్దాలతో మూసి గది చేసుకోవడం, ముందు గోడ మీద ఏసీ పెట్టె వేలాడదీయడం, పాత టేకు కిటికీ తీసి అల్యూమినియం స్లైడింగు పెట్టడం, సజ్జా మీద కొత్త రంగు పూయడం వంటివి మీ ఇష్టాయిష్టాల పరిధిలో లేవు. పక్క ఫ్లాటువాళ్ళు బాల్కనీ మూశారు కదా అన్న వాదన నోటీసు వచ్చినప్పుడు అక్కరకు రాదు. ఇక్కడ బయటి రూపం కాపాడటంలో ఉన్న పట్టుదల సబబే అని నా అభిప్రాయం. ఒకే ఎత్తున, ఒకే తీరున సాగే ఆ వరుస చెడిపోతే ఈ ఇళ్ళకు ఇంత ధర పలికే కారణమే పోతుంది.

లోపలి పనులకు కూడా సొసైటీకి రాతపూర్వకంగా తెలిపి, డిపాజిట్టు కట్టి, వారు చెప్పిన వేళల్లోనే చేయించాలి. నేల మార్చే పని అయితే రెండుసార్లు ఆలోచించండి. పాత మొజాయిక్‌కు పాలిషు పెట్టిస్తే సరిపోయే చోట దాన్ని పగలగొట్టి దాని మీద కొత్త పలకలు వేయించడం ఖర్చూ, బరువూ కూడా. పాత స్లాబు మీద అదనపు బరువు ఎంత తగ్గితే అంత మంచిది. స్నానాల గది తవ్వితే మాత్రం వాటర్‌ప్రూఫింగు నీళ్ళు నిలబెట్టి పరీక్షించాకే పలకలు వేయించాలి, ఎందుకంటే కింది అంతస్తు కప్పు చెమర్చడంతో మొదలయ్యే తగాదాలే ఈ భవనాల్లో అన్నిటికంటే దీర్ఘాయువు కలవి.

ఇరుగుపొరుగు, వంటావార్పూ

కొన్ని భవనాల్లో గుజరాతీ, మార్వాడీ, జైన కుటుంబాలు ఎక్కువ. మలబార్ హిల్, వాల్కేశ్వర్ వైపు ఇది మరింత ఎక్కువ. మాంసాహారం వండుకునేవారికి ఇల్లు ఇవ్వడానికి తటపటాయించే యజమానులు ఉన్నారు. ఈ సంగతి బ్రోకరు చెప్పడు, మీరు అడిగితే 'అంతా అడ్జస్ట్ అవుతుంది' అంటాడు. యజమాని ముఖం మీదే అడిగి తేల్చుకోవాలి. చేపల పులుసు పెట్టుకోలేని ఇంట్లో సముద్రం ఎంత దగ్గరగా ఉంటే మాత్రం ఏమిటి! అభ్యంతరం లేని ఇల్లు దొరికితే చేపలకు ససూన్ డాక్, కూరగాయలకు, పళ్ళకు క్రాఫర్డ్ మార్కెట్ దగ్గరే. కరివేపాకు, అరిటాకులు, ఫిల్టర్ కాఫీ పొడి కావాలంటే చర్చిగేట్‌లో స్లో లోకల్ ఎక్కి మాటుంగా రోడ్డులో దిగి తూర్పువైపు మార్కెట్టుకు నడవాలి. తెలుగువారి సాంగత్యం కావాలనుకునేవారికి దాదర్‌లో ఆంధ్ర మహాసభ ఉంది. నిజానికి ఈ నగరానికి తెలుగువారు కొత్త కాదు. నిజాం రాజ్యం నుంచి వలస వచ్చి కట్టడాల పనుల్లో చెమటోడ్చిన కామాఠీల పేరే కామాఠీపురాకు వచ్చింది.

జాలీ తలుపుల లిఫ్టు విషయంలో ఒక మర్యాద ఉంది. దిగాక లోపలి తలుపూ, బయటి తలుపూ రెండూ పూర్తిగా లాగి మూయాలి, ఏది కొంచెం తెరిచి ఉన్నా లిఫ్టు అక్కడే ఆగిపోతుంది. కింద ఎదురుచూస్తున్న పెద్దాయన మెట్ల సందులోంచి 'దర్వాజా బంద్ కరో' అని కేక వేస్తాడు, ఆ కేక మీ అంతస్తు దగ్గర రెండుసార్లు వినబడితే మూడో రోజున భవనమంతటికీ మీ పేరు తెలుస్తుంది. సోఫాలు, బీరువాలు ఈ లిఫ్టులో పట్టవు. సామాను రాకముందే లిఫ్టు లోపలి కొలత, మెట్ల మలుపు కొలత తీసుకుని, పట్టని వస్తువులు ఊళ్ళోనే వదిలేయడం మంచిది.

కారు ఉన్నవారికి కష్టమే. ఈ భవనాలు కట్టినప్పుడు వెనుక వైపు నాలుగైదు గ్యారేజీలు ఉంటే అది విలాసం. ఫ్లాటుతో పాటు పార్కింగు ఉందన్న మాట సొసైటీ లేఖలో ఉంటేనే నమ్మాలి. కారు లేకపోయినా గడిచిపోయే చోటు ఇది. లోకల్ రైళ్ళకు తోడు 2025 అక్టోబరులో మూడో లైను మెట్రో కఫ్ పరేడ్ దాకా పూర్తయింది, చర్చిగేట్‌లోనూ స్టేషను ఉంది.

సముద్రం ఎదురుగా ఉంటే

జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి నేరుగా సముద్రం మీంచి వాన జల్లుతో కలిసి కిటికీలను కొడుతుంది. టేకు తలుపులు ఉబ్బి బిగుసుకుంటాయి, తోలు చెప్పులకూ పుస్తకాలకూ బూజు పడుతుంది. మే నెలలోనే కిటికీ చట్రాల సందులు పూడ్పించి, బాల్కనీ నీటి గొట్టం శుభ్రం చేయించి, తలుపుల బందులకు నూనె పెట్టించాలి. కొత్త బందులు, కొక్కేలు వేయించేటప్పుడు ఇత్తడివి గానీ, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి గానీ అడగాలి. మామూలు ఇనుపవి ఉప్పుగాలికి నిలవవు. ఏసీ బయటి యూనిట్లను వెనుక గోడకు పెట్టించి, ఏటా మంచినీళ్ళతో కడిగించాలి. పెద్ద పోటు ఉన్న రోజుల్లో అలలు గట్టు పక్కన పేర్చిన కాంక్రీటు దిమ్మెలను (టెట్రాపాడ్లను) దాటి రోడ్డు మీద పడతాయి, ఆ వేళల్లో పిల్లలను గట్టు మీదికి పంపకూడదు.

డిసెంబరు 31 రాత్రి, జనవరిలో మారథాన్ ఉదయం, గిర్గావ్ చౌపాటీలో గణేశ నిమజ్జనం రోజు ఈ రోడ్డు మూతపడుతుంది లేదా జనంతో నిండిపోతుంది. నా మట్టుకు నేను ఎంచుకోవలసి వస్తే సముద్రానికి ఎదురుగా కాక ఓవల్ వైపు భవనం అడుగుతాను. అక్కడ ఉప్పుగాలి తాకిడి తక్కువ, కిటికీలోంచి చెట్లూ, క్రికెట్టూ, అవతల రాజాబాయి టవర్ గడియారమూ కనిపిస్తాయి.

మున్సిపల్ నీళ్ళు రోజుకు కొద్ది గంటలే వస్తాయి. సంపులో నింపి పైటాంకుకు ఎక్కించే మోటారు పనితీరు మీద మీ స్నానం ఆధారపడుతుంది. పై అంతస్తులో ఉంటే షవరు ఒత్తిడి ఇల్లు చూసేటప్పుడే తిప్పి చూసుకోవాలి.

ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్టు దగ్గరే పేచీ వస్తుంది. ఉప్పుగాలి వల్ల పాడైనవాటిని కూడా మీ వాడకం ఖాతాలో వేసే యజమానులు ఉంటారు. అందుకే చేరిన రోజునే ప్రతి గది కప్పు, కిటికీ, నేల, కుళాయిలను తేదీ పడేలా ఫోటోలు తీసి యజమానికి మెయిల్ పంపి ఉంచాలి. గడువుకు నెల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, ఆయనతో కలిసి ఇల్లంతా తిరిగి చూసి, కోతలు ఏవైనా ఉంటే అప్పుడే కాగితం మీద పెట్టించాలి. కరెంటు, గ్యాసు చివరి బిల్లులు కట్టి రసీదులు ఇవ్వాలి. సామాను బయటికి తీసుకుపోవడానికి సెక్రటరీ దగ్గర చీటీ తీసుకోవాలి, అది లేకపోతే వాచ్‌మన్ లారీని గేటు దాటనివ్వడు. తాళంచెవులూ డిపాజిట్టు సొమ్మూ ఒకే రోజు, ఒకే చోట చేతులు మారాలన్న షరతు ఒప్పందంలోనే ఉంటే ఆ రోజు వాదన పెట్టుకోవలసిన పని ఉండదు.